ఈసీ చెప్పేదెంత, చెప్పనిదెంత

సభకు నమస్కారం.

విజయనగరంలో ఇల్లు చూడ్డానికి వెళ్తే ముందుగా చెవిన పడే మాట "ఈసీ క్లీన్‌గా ఉందండీ". ఆ ఒక్క మాటకే బయానా చేతిలో పెట్టేవాళ్లు చాలామంది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఈసీ అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు, దానపత్రాలు, భాగపంపకాలు అందులో వస్తాయి. తెల్లకాగితం మీద రాసుకున్న అగ్రిమెంటు, రిజిస్టరు చేయని వీలునామా, అన్నదమ్ముల నోటిమాట పంపకం రావు. కోర్టులో దావా నడుస్తున్నా ఈసీ శుభ్రంగానే కనిపించవచ్చు. పైగా మీరిచ్చిన వివరాలతోనే అక్కడ వెతుకుతారు. పాత దస్తావేజులో సర్వే నంబరు 45 ఉండి, తర్వాత అది 45/2 అయిందనుకోండి, రెండింటికీ ఈసీ తీయాలి. ఒక్కదానికే తీస్తే సగం చరిత్ర తప్పిపోతుంది.

ఈసీ పక్కన పెట్టుకుని చూడాల్సినవి లింకు డాక్యుమెంట్లు. ఇప్పటి యజమానికి ఎవరు అమ్మారు, ఆయనకు ఎవరు అమ్మారు అని కనీసం ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లండి. జిరాక్సులు కాదు, అసలు కాగితాలే చూపమనండి. అసలువి చేతిలో లేవంటే ఎక్కడో తాకట్టులో ఉండే అవకాశం ఉంది.

మన ప్రాంతం ఒకప్పుడు జమీందారీ. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సెటిల్‌మెంటు, అంటే ఏ భూమి ఎవరిదో తేల్చడం, జరిగింది. కాబట్టి శివారు స్థలమైతే ఆనాటి భూముల రికార్డైన ఫెయిర్ అడంగల్‌లో అది జిరాయితీయా (సొంత పట్టా భూమా), ఇనామా, చెరువు గర్భమా అన్నది చూడాలి. తర్వాత 22-ఏ జాబితా. ప్రభుత్వ భూములు, అసైన్డ్ (ప్రభుత్వం పేదలకు ఇచ్చినవి), దేవదాయ భూములు అందులో ఉంటాయి, వాటికి రిజిస్ట్రేషన్ ఆపేస్తారు. బయానాకు ముందే సర్వే నంబరు పెట్టి చూసుకోండి.

ఇక ఫ్లాటు. 1,200 చదరపు అడుగులు, అడుగు 4,500 రూపాయలు, మొత్తం 54 లక్షలు అనుకుందాం. ఆ 1,200 సూపర్ బిల్టప్, అంటే మెట్లు, లిఫ్టు, కారిడార్లలో మీ వంతు కూడా కలిసింది. గోడల మధ్య మీరు కాలు పెట్టే చోటు, లోపలి అడ్డుగోడలతో సహా, కార్పెట్ ఏరియా. బాల్కనీ అందులోకి రాదు. అది 870 అడుగులే అయితే, మీకు అడుగు పడింది దాదాపు 6,207 రూపాయలు. రెండు అపార్ట్‌మెంట్లను పోల్చేటప్పుడు ఈ లెక్కే వేయండి.

అవిభాజ్య వాటా, అంటే అపార్ట్‌మెంటు నేలలో మీ వంతు, గజాల్లో ఎంతో దస్తావేజులో రాయించుకోవాలి. 720 గజాల్లో 12 సమాన ఫ్లాట్లుంటే ఒక్కొక్కరికి 60 గజాలు రావాలి. ముప్పై నలభై ఏళ్లకు భవనం పాతబడ్డాక విలువ మిగిలేది ఆ నేలకే.

రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, కింద ఉన్న ప్రాజెక్టులో రిజిస్టరు అగ్రిమెంటు లేకుండా పది శాతం, అంటే ఇక్కడ 5.4 లక్షలు, దాటి అడగకూడదు. రిజిస్ట్రేషన్ ఖర్చు స్టాంపు 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, ఫీజు 1, మొత్తం 7.5 శాతం. అంటే 4,05,000. దస్తావేజు ధర, ప్రభుత్వ మార్కెట్ విలువ, రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీద కట్టాలి. ధర 50 లక్షలు దాటడంతో ఒక శాతం టీడీఎస్, 54,000, మీరే పట్టుకుని ఆదాయపన్ను శాఖకు కట్టాలి. అమ్మేవారికి ఆ మేరకు తగ్గించే ఇవ్వాలి. ఈ సంగతి బేరం కుదిరిన రోజే చెప్పేయండి. రిజిస్ట్రేషన్ నాడు చెబితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలోనే గొడవ మొదలవుతుంది.