నల్లమల తొవ్వలు: దిగేటప్పుడు కాదు, ఎక్కేటప్పుడు చూడాలి

నమస్తే అండీ. మన పాలమూరు, నల్గొండ వైపు నడవడానికి మంచి దారులు ఏమున్నాయని చాలామంది అడుగుతుంటారు. మనకు సముద్రం లేదు. కృష్ణ ఒడ్డు ఉంది, దాన్ని ఆనుకొని నల్లమల ఉంది. ఈ వీడియోలో మల్లెలతీర్థం, సలేశ్వరం, ఉమామహేశ్వరం, సోమశిల గురించి మాట్లాడుకుందాం. ఏ దారి ఎవరికి నప్పుతుందో, ఎప్పుడు వెళ్తే బాగుంటుందో నాకు అనిపించింది అనిపించినట్టే చెప్తాను.

దారుల్లోకి వెళ్లే ముందు ఒక్క విషయం. భువనగిరి కోట చూసే ఉంటారు. 500 అడుగులకు పైగా లేచిన ఒకటే బండ. మాలావత్ పూర్ణ 2014లో ఎవరెస్ట్ ఎక్కింది కదా, ఆ అమ్మాయి కొండలెక్కడం మొదలుపెట్టింది ఈ బండ మీదే. అక్కడ ముందు ఎక్కుతాం. ఆయాసం వస్తే సగంలోనే ఆగి దిగొచ్చేయొచ్చు. రాచకొండ, దేవరకొండ కూడా అంతే. నల్లమల అలా కాదు. శ్రీశైలం రోడ్డు మీది మన్ననూరు దాటాక మనం తిరిగేది పీఠభూమి మీద. పైన గట్టి రాతి పొర, దాన్ని కోసుకుంటూ వాగులు కృష్ణ వైపు లోతుగా దిగిపోయాయి. జలపాతాలు, గుండాలు, గుళ్లు చాలావరకు ఆ లోయల్లోనే ఉంటాయి. అంటే బండి దిగగానే హాయిగా కిందికి పోతాం. ఎక్కుడంతా తిరిగి వచ్చేటప్పుడు, ఒంట్లో ఓపిక అయిపోయాక, ఎండ నెత్తి మీదికి వచ్చాక. ఇక్కడ ఇబ్బంది పడేవాళ్లలో ఎక్కువమంది ఈ లెక్క చూసుకోనివాళ్లే. మీ దగ్గరున్న నీళ్లలో సగానికి పైగా తిరుగు దారికి ఉంచుకోండి.

మల్లెలతీర్థంతో మొదలుపెడదాం. శ్రీశైలం రోడ్డు మీద వటవర్లపల్లి దగ్గర మలుపు తిరిగి అడవిలోకి వెళ్లాలి. సుమారు 350 మెట్లు దిగితే జలపాతం. మెట్లు ఉన్నాయి కాబట్టి దారి తప్పుతామన్న టెన్షన్ లేదు, పిల్లలతో వెళ్లొచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను మాత్రం నేను తీసుకెళ్లమనను, ఆ మెట్లన్నీ మళ్లీ ఎక్కాలి మరి. వానాకాలం చివరి నుంచి చలికాలం దాకా బాగుంటుంది. ఎండాకాలంలో నీళ్లు బాగా సన్నబడతాయి, అంత దూరం వచ్చి ఉసూరుమంటారు. నీళ్లు జోరుగా ఉన్నప్పుడు పాచి పట్టిన బండల మీదికి ఫొటోల కోసం వెళ్లకండి.

ఇక సలేశ్వరం. ఈ నాలుగింటిలో నా మనసు ఉన్నది దీని మీదే. ఏడాదంతా వెళ్లే చోటు కాదిది. పులుల అభయారణ్యం లోపల ఉంది కాబట్టి చైత్ర పౌర్ణమి జాతరకు మాత్రమే, అదీ కొద్ది రోజులే, అటవీశాఖ దారి తెరుస్తుంది. ఉగాది అయ్యాక రెండు వారాలకు అన్నమాట. బండ్లు ఆపే చోటు నుంచి కొన్ని కిలోమీటర్లు రాళ్ల దారి. చివర్లో లోయ అంచు పట్టుకొని దిగాలి. కొన్నిచోట్ల ఒక పక్క కొండ గోడ, ఇంకో పక్క లోయ, మధ్యలో ఎదురెదురుగా వచ్చే జనం. దిగేవాళ్లు ‘వస్తున్నాం లింగమయ్యా’ అని కేకేస్తుంటే తిరిగి ఎక్కేవాళ్లు ‘పోతున్నాం లింగమయ్యా’ అంటారు. అడుగున ఎండ సరిగా పడని గుండం, పైనుంచి దాంట్లోకి పడే చల్లని నీళ్లు, గుహలో లింగమయ్య. పూజారులు చెంచులు. మనం దాన్ని ట్రెక్కింగ్ అంటున్నాం గానీ, వాళ్లు ఎప్పటి నుంచో తేనెకూ జిగురుకూ నడిచిన అడవి ఇది. దారి గురించి వాళ్లు ఒక మాట చెప్తే వినండి, ఫోన్‌లో మ్యాప్ చూపించి వాదించకండి. సిగ్నల్ కూడా నమ్ముకోదగ్గది కాదు.

సలేశ్వరంలో నాకు నచ్చనిది ఒక్కటే, రద్దీ. పౌర్ణమి నాడు ఇరుకు దారిలో గంటల తరబడి నిలబడాల్సి రావచ్చు. ఏప్రిల్ ఎండలో అది చిన్న విషయం కాదు. తెల్లవారుజామునే నడక మొదలుపెట్టండి, జాతర మొదటి రోజు వీలైతే ఇంకా మంచిది. గుండె జబ్బున్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు ఈ దారి పెట్టుకోవద్దు. చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు వేసుకోండి. ప్లాస్టిక్ సీసాలు, కవర్లు అడవిలో వదలకండి. ఆ కవర్లు జింకల కడుపులోకి పోతాయి. ఇంట్లో స్టీలు సీసాలుంటాయి కదా, అవి తెచ్చుకోండి.

అమ్మానాన్నలతో వెళ్లాలంటే ఉమామహేశ్వరం. అచ్చంపేట దగ్గర రంగాపూర్ మీదుగా గుడి దగ్గరిదాకా రోడ్డు ఉంది. శ్రీశైలానికి ఉత్తర ద్వారమని పెద్దలు చెప్పే క్షేత్రం. గుడి నుంచి పాపనాశనం దాకా నడక చిన్నదే, కానీ ముందుకు పొడుచుకొచ్చిన కొండ చరియ కిందే నడుస్తాం. పైన కురిసిన వాన రాతి పగుళ్లలో ఇంకి ఇక్కడ ఊటగా దిగుతుంది. కోతులు చాలా ఉన్నాయి, చేతిలో తిండి కనిపిస్తే వదలవు.

శ్రీశైలం రోడ్డులో వెళ్లేవాళ్లకు మరొకటి: అడవిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను వదలరు. ఎక్కేటప్పుడు ఆలస్యమైతే గేటు దగ్గరికి అందుకోలేరు. మధ్యాహ్నం 3 తర్వాత ఏ లోయలోకీ దిగడం మొదలుపెట్టకపోవడమే మంచిది.

ఎక్కుడు దిగుడు అసలే వద్దనుకుంటే సోమశిల. కొల్లాపూర్ నుంచి దగ్గరే. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగే చోటు నుంచి తరలించి కట్టిన గుళ్లు ఒడ్డున ఉన్నాయి. సాయంత్రం ఆ ఒడ్డున నడవడం నాకు చాలా ఇష్టం. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు అవతలి గట్టు దూరంగా ఎక్కడో కనిపిస్తుంది. వేసవిలో నీళ్లు తగ్గాక ఒండ్రు బయటపడుతుంది. పైకి ఎండినట్టే కనిపించినా లోపల మెత్తగా ఉంటుంది, దాని మీద నడవకండి. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ అడిగి మరీ వేసుకోండి. ఇవ్వకపోతే ఆ పడవ ఎక్కకండి.