పోగు తెగకుండా వెలిగిన దీపం

(జాతీయ చేనేత దినోత్సవం నాడు ఎమ్మిగనూరులో చేసిన ప్రసంగం)

అక్కలకు, అన్నలకు, ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

నేను మగ్గం ఇంట్లో పుట్టినదాన్ని. ఇప్పుడు ఐటీఐలో పిల్లలకు కరెంటు పని నేర్పుతున్నాను. మగ్గానికీ కరెంటుకూ ఏం పొత్తు అని చాలామంది అడుగుతుంటారు. పొత్తు ఉంది. మనం చిన్నప్పటినుంచీ చూసిన ఆ గాజు బల్బు కథంతా ఒక పోగు కథే. లోపలున్న ఆ పోగును పుస్తకాల్లో ఫిలమెంటు అంటారు. అది తెగకుండా ఎట్లా నిలబెట్టాలన్నదే దాదాపు ఎనభై ఏళ్లపాటు ఎవరికీ తెగని చిక్కు.

సన్నని తీగలో కరెంటు పారితే వేడి పుడుతుంది. వేడి బాగా ముదిరితే, కొలిమిలో ఇనుము మాదిరి, ఆ వస్తువే వెలుగుతుంది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లోనే ఇంగ్లండులో హంఫ్రీ డేవీ ప్లాటినంతో ఈ సంగతి చూపించాడు. వెలిగించడం కష్టం కాదు, ఆరిపోకుండా ఉంచడమే కష్టం. బొగ్గు పోగు పెడితే, చుట్టూ గాలి ఉంది కాబట్టి చిటికెలో కాలి బూడిదయ్యేది. గాజు బుడ్డిలోంచి గాలిని పూర్తిగా లాగేయాలి. అంత గట్టి పంపు అప్పటికి లేదు. 1865లో హెర్మన్ స్ప్రెంగెల్ పాదరసంతో పనిచేసే పంపు తయారుచేశాకే దారి దొరికింది. బల్బు గురించి చెప్పేటప్పుడు ఈయన పేరు ఎవరూ ఎత్తరు. నేను మాత్రం క్లాసులో మొదట ఆయన పేరే చెబుతాను.

1879 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో జోసెఫ్ స్వాన్ సభ ముందు తన దీపాన్ని చూపించాడు. అదే ఏడాది అక్టోబరులో అమెరికాలోని మెన్లో పార్కులో ఎడిసన్ బృందం మామూలు నూలు దారాన్ని బొగ్గుగా మార్చి బుడ్డిలో పెట్టింది. అది పదమూడు గంటలకు పైగా వెలిగింది. నూలు దారమమ్మా! ఆదోని మార్కెట్‌కు వచ్చే పత్తి లాంటి పత్తిలోంచి తీసిన దారమే. ఆ తర్వాత విసనకర్ర అంచుకున్న వెదురు బద్దను ప్రయత్నించారు. అది ఇంకా గట్టిగా నిలిచింది. మంచి వెదురు కోసం దేశదేశాలు వెతికి చివరికి జపాన్‌లో పట్టుకున్నారు. ఆ వెదురు పోగు వెయ్యి గంటలు దాటి వెలిగేది.

బల్బు కనిపెట్టింది ఎడిసన్ ఒక్కడే అని పిల్లలు రాస్తే నేను మార్కులు తగ్గిస్తాను. కానీ ఆయన గొప్పతనం నిజంగా ఎక్కడుందో కూడా చెబుతాను. 1882 సెప్టెంబర్ 4న న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్‌లో ఆయన కరెంటు కేంద్రం నడవడం మొదలైంది. యంత్రాలు, భూమిలో వేసిన తీగలు, ఫ్యూజులు, మీటర్లు అన్నీ కలిపి ఇంటింటికీ వెలుగు అందించాడు. తీగ రాని ఊళ్లో బల్బు ఉండి ఏం లాభం?

ఇప్పుడు మీకోసం దాచి ఉంచిన మాట. స్వాన్ మరింత నున్నని, ఎక్కడా సన్నం లావు లేని పోగు కోసం వెతికాడు. దూదిని ఆమ్లాలతో కరిగే పదార్థంగా మార్చి, ఆ ముద్దను సన్నని రంధ్రంలోంచి పిండి దారం తీశాడు. బల్బు కోసం తీసిన ఆ దారం పట్టులా మెరిసింది. ఆయన భార్య దాంతో అల్లిన బట్టను 1885లో లండన్ ప్రదర్శనలో పెట్టారు. దానికి కృత్రిమ పట్టు అని పేరు పెట్టారు. మన దుకాణాల్లో ఆర్ట్ సిల్క్ అంటున్నామే, దాని పుట్టుకలో దీపం పోగుకూ భాగం ఉంది. ఈ సంగతి మొదటిసారి తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

వెదురు తర్వాత టంగ్‌స్టన్ వచ్చింది. అది కరగాలంటే 3,400 డిగ్రీలు దాటాలి. అయితే పెళుసు లోహం, తీగగా సాగేది కాదు. 1910 ప్రాంతంలో విలియం కూలిడ్జ్ దాన్ని సాగదీసే పద్ధతి సాధించాడు. మన 60 వాట్ల బల్బులో సుడి తిరిగిన ఆ తీగను విప్పి చాపితే అర మీటరు కన్నా పొడవుంటుంది.

మా నాయన మగ్గం గుంత మీద వేలాడింది ఆ బల్బే. నాకు పదకొండేళ్లప్పుడు, ముసురు పట్టిన ఒక రాత్రి నేను నేతకు దారం కండెలు చుట్టాను. ముదురు నీలం కండెల్లో రెండు నల్లవి కలిసిపోయాయి. పసుపు వెలుతురులో నాకూ తేడా తెలియలేదు, నాయనకూ తెలియలేదు. తెల్లారి వాకిట్లో చీర విప్పితే నడిమధ్యలో నల్లని పట్టీ. సావుకారు కూలి కోశాడు. నాయన నన్ను ఒక్క మాటా అనలేదు. అది కంటి తప్పు కాదు. ఆ బల్బు వెలుతురులో నీలం పాలు చాలా తక్కువ. అందుకే ముదురు నీలం నల్లగానే కనబడుతుంది. ఇది తెలియడానికి నాకు ఇంకో పదేళ్లు పట్టింది.

ఆ బల్బు ఇంకో నష్టం కూడా చేసేది. అది తాగే కరెంటులో నూటికి తొంభై వంతులకు పైగా వేడిగానే పోతుంది. ఎండాకాలంలో గుంతలో కూర్చుని నేసినవాళ్లకు నేను వేరే చెప్పనక్కరలేదు.

ఎల్ఈడీలో కాలే పోగే లేదు. కరెంటు పారినప్పుడు రెండు రకాల పొరలు కలిసే చోట వెలుగు పుడుతుంది. తెల్లని వెలుగు కావాలంటే ముందు నీలం ఎల్ఈడీ కావాలి. దాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ ఇచ్చారు. ఓర్వకల్లు వైపు గని, శకునాల ఊళ్ల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పలకలు చూశారు కదా. ఆ పలకా ఈ బల్బూ ఒకే సూత్రం. అది వెలుగు తీసుకుని కరెంటు ఇస్తుంది, ఇది కరెంటు తీసుకుని వెలుగు ఇస్తుంది.

రోజుకు పది గంటలు వేస్తే పాత 60 వాట్ల బల్బుకు నెలకు 18 యూనిట్లు. దాదాపు అంతే వెలుగిచ్చే 9 వాట్ల ఎల్ఈడీకి 2.7 యూనిట్లు. కానీ అక్కలారా, ఒక్క వాట్లే చూసి కొనకండి. చవక ఎల్ఈడీల్లో ఎరుపు సరిగా పలకదు. మగ్గం మీదికి కొనేటప్పుడు సి.ఆర్.ఐ. ఎంత అని అడగండి. ఆ వెలుతురులో రంగులు ఎంత నిజంగా కనబడతాయో నూటికి చెప్పే అంకె అది. 90 దాటినది తీసుకోండి. రంగు బాగా వెచ్చని పసుపు కాకుండా తెలుపు వైపు ఉండాలి. పన్నె మీద నీడ పడకుండా మీ తల వెనక కాక, ముందుకు కట్టండి.

బల్ల మీద మూడు బల్బులు పెట్టాను. ఒకటి పాతది, ఒకటి చవక ఎల్ఈడీ, ఒకటి మంచిది. పక్కనే ముదురు నీలం, నలుపు కండెలు కలిపి ఉంచాను. దీపం మార్చి మార్చి ఏరి చూడండి. పెద్దవాళ్లు ముందు రండి, కళ్లద్దాలు మర్చిపోకండి.