పెరిగే ఊళ్లు, మునిగే పొలాలు

శ్రోతలకు నమస్కారం.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ ఊరికి వెళ్లినా "మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడండీ", "మా అమ్మాయి వాళ్లు డాలస్‌లో ఇల్లు కొన్నారు" అనే తల్లిదండ్రులు ఒకరిద్దరైనా కనిపిస్తారు. కాస్త వివరం అడిగితే ఆ ఇల్లు ఫ్రిస్కోలోనో, ప్లేనోలోనో, మెకినీలోనో ఉందని తెలుస్తుంది. మనం డాలస్ అంటున్నది చాలాసార్లు డాలస్ చుట్టూ ఎదిగిన శివారు ఊళ్లనే. ఆ ఊళ్లు అంత వేగంగా ఎలా పెరిగాయి, ఆ బరువు ఎవరు మోస్తున్నారు అన్నదే ఈరోజు నా ప్రసంగ విషయం.

డాలస్ ఉన్న టెక్సస్ రాష్ట్ర జనాభా 2010 లెక్కల్లో 2 కోట్ల 51 లక్షలు. 2020 నాటికి 2 కోట్ల 91 లక్షలు. అంటే పదేళ్లలో 40 లక్షల మంది పెరిగారు. 2022లో 3 కోట్లు దాటేసింది. అమెరికాలో కాలిఫోర్నియా తర్వాత ఆ మార్కు దాటిన రాష్ట్రం ఇదొక్కటే. ఈ పెరుగుదల వల్ల అమెరికా ప్రతినిధుల సభలో టెక్సస్ సీట్లు 36 నుంచి 38 అయ్యాయి.

ఇంత పెరిగిన రాష్ట్రంలో, మన జిల్లాల్లాంటివి, 254 కౌంటీలు ఉంటే, ఆ పదేళ్లలో 143 కౌంటీల్లో జనం తగ్గారు. సగానికి పైగా కౌంటీలు ఖాళీ అవుతున్నాయన్నమాట. పశ్చిమాన లవింగ్ కౌంటీలో 2020లో లెక్కకు వచ్చింది 64 మంది. ఒక కౌంటీ మొత్తం కలిపి! పల్లె కౌంటీల్లో చదువుకున్న పిల్లలు ఊరు విడిచి వెళ్లిపోతున్నారు. ఆ కథ మనకు కొత్తది కాదు.

మరి పెరిగిందెక్కడ? డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్, శాన్ ఆంటోనియో చుట్టూ. అందులోనూ నగరం నడిబొడ్డున కంటే శివార్లలో ఎక్కువ. డాలస్ నగరం పదేళ్లలో 12 లక్షల నుంచి 13 లక్షలకు వెళ్లింది. దానికి ఉత్తరాన ఉన్న కాలిన్ కౌంటీ 7 లక్షల 82 వేల నుంచి 10 లక్షల 64 వేలకు, డెంటన్ కౌంటీ 6 లక్షల 62 వేల నుంచి 9 లక్షల 6 వేలకు చేరాయి. ఆస్టిన్ పక్కనున్న హేస్ కౌంటీ అయితే ఏకంగా 53 శాతం పెరిగింది.

ఫ్రిస్కో సంగతి వినండి. 1990లో అక్కడ 6,141 మంది. 2000లో 33,714. 2010లో 1,16,989. 2020లో 2,00,509. ముప్పై ఏళ్లలో ఒక రైల్వే స్టేషను ఊరు పెద్ద నగరమైపోయింది. 2020 లెక్కల్లో అక్కడి జనంలో దాదాపు నాలుగో వంతు ఆసియా మూలాలవాళ్లు. వాళ్లలో మనవాళ్లు ఎందరో ఉన్నారు. హనుమంతుడి గుడి ఉంది, శనివారం పూట పార్కింగు దొరకదు.

ఎందుకు పెరిగిందీ అంటే కారణాలు చాలానే ఉన్నాయి. రాష్ట్రం ఆదాయపు పన్ను వేయదు. నేల చదునుగా ఉంటుంది, చవకగా దొరికింది. డాలస్ నుంచి ఉత్తరానికి టోల్ రోడ్డు పొడిగించుకుంటూ పోయారు. టొయోటా లాంటి కంపెనీలు తమ ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయాలను ప్లేనోకు తెచ్చుకున్నాయి. బడులు బాగుంటాయన్న పేరు వచ్చింది. మనవాళ్లు ఇల్లు చూసేటప్పుడు మొదట అడిగేది బడి గురించే కదా.

అక్కడి నేల గురించి ఒక మాట చెప్పాలి. కాలిన్ కౌంటీ నేల అచ్చం మన నల్లరేగడి. ఒకప్పుడు పత్తి పండిన నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు బారుతుంది. ఆ నేల మీద కట్టిన ఇళ్లకు జులై, ఆగస్టు ఎండల్లో పునాది చుట్టూ రబ్బరు గొట్టం పరిచి నీళ్లు పెడతారు. చెట్లకు పెట్టినట్టు ఇంటికి నీళ్లు పెట్టడమేమిటని కొత్తగా వెళ్లిన తల్లిదండ్రులు ఆశ్చర్యపోతారు. పెట్టకపోతే మట్టి కుంచించుకుపోయి, గోడలు పగుళ్లిచ్చి, తలుపులు బిగుసుకుపోతాయి. పునాది మరమ్మతు ఖర్చు మామూలుగా ఉండదు.

ఇక డబ్బు సంగతి. నగర పరిధికి బయట ఉండే పొలాల్లో కాలనీ వేయాలంటే నీటి పైపులు, డ్రైనేజీ, రోడ్లు ఎవరు వేస్తారు? టెక్సస్‌లో కౌంటీలకు ఇక్కడ ఇళ్లు, అక్కడ ఫ్యాక్టరీలు అని నిర్దేశించే అధికారం చాలావరకు లేదు. అందుకని చాలా చోట్ల 'మడ్' అనే ప్రత్యేక నీటి జిల్లా, అంటే ఆ కాలనీల వరకే పన్ను వేసే ఒక చిన్న ప్రభుత్వ సంస్థ, ఏర్పాటవుతుంది. బిల్డరు ముందు ఖర్చు పెడతాడు. ఆ జిల్లా బాండ్లు అమ్మి బిల్డరుకు డబ్బు తిరిగి ఇస్తుంది. ఆ అప్పును ఇళ్లు కొన్నవాళ్లు ఏళ్ల తరబడి ఆస్తిపన్నుతో పాటు కడతారు. ఆదాయపు పన్ను లేదని సంబరపడి వెళ్లినవాళ్లకు ఆస్తిపన్ను బిల్లులో ఈ వరస కనబడేసరికి టెన్షన్ మొదలవుతుంది. ఇల్లు కొనబోయే పిల్లలు ఎవరైనా వింటుంటే, రేటు అడిగిన నోటితోనే మడ్ పన్ను ఎంతో కూడా అడగండి.

బస్సుల విషయం మరీ బాధగా ఉంటుంది. డాలస్ ప్రాంతపు రైళ్లు, బస్సులు నడిపే డార్ట్ సంస్థలో ఫ్రిస్కో సభ్యత్వం తీసుకోలేదు. సభ్య నగరాలు అమ్మకాల విలువ మీద ఒక శాతం పన్నును డార్ట్‌కు ఇవ్వాలి. ఫ్రిస్కో ఆ ఒక శాతాన్ని కంపెనీలను రప్పించడానికి, ఊళ్లో సదుపాయాలకు వాడుకుంది. ఊరికి కంపెనీలు వచ్చాయి, నిజమే. కానీ మనవళ్లను చూసుకోవడానికి ఆరు నెలలు వెళ్లిన అమ్మానాన్నలు గుడికి వెళ్లాలన్నా, కూరలు తెచ్చుకోవాలన్నా కొడుకో కోడలో కారు తీసేదాకా కూర్చోవాల్సిందే.

కొత్త ఊళ్లు పెరుగుతుంటే వాటికి ముందు పెరిగిన ఊళ్లు ముసలివవుతాయి. ప్లేనోలో ఇళ్ల ధరలు పెరిగి, చిన్నపిల్లలున్న జంటలు ఇంకా ఉత్తరానికి వెళ్లిపోతున్నారు. పిల్లలు తగ్గిపోవడంతో 2024లో ప్లేనో విద్యా జిల్లా నాలుగు బడులు మూసేయాలని నిర్ణయించింది. అదే కాలిన్ కౌంటీలో ప్రిన్స్‌టన్ అనే ఊరిది సరిగ్గా ఎదురు కష్టం. 2020లో 17 వేల మంది, 2024కి 37 వేలు. అమెరికా మొత్తంలో 20 వేలకు పైగా జనం ఉన్న ఊళ్లలో ఆ ఏడాది అంత వేగంగా పెరిగిన ఊరు లేదు. నీళ్లు, మురుగునీటి వ్యవస్థ, రోడ్లు, పోలీసులు చాలక 2024 సెప్టెంబరులో కొత్త ఇళ్ల అనుమతులను నగర మండలి కొంతకాలం ఆపేసింది, ఆ తర్వాత గడువు పొడిగించింది.

అన్నిటికంటే పెద్దది నీళ్లు. ఈ ఊళ్లకు నీళ్లిచ్చే ఉత్తర టెక్సస్ నీటి సంస్థ, ఫానిన్ కౌంటీలో బోడార్క్ చెరువును కట్టింది. 16 వేల ఎకరాలకు పైగా నీటి కింద ఉంది. టెక్సస్‌లో దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత కట్టిన మొదటి పెద్ద జలాశయం అది. 2023లో నీళ్లివ్వడం మొదలుపెట్టింది. అదీ చాలదని, ఇంకా తూర్పున సల్ఫర్ నది మీద మార్విన్ నికల్స్ అనే జలాశయం కట్టాలని ప్రణాళికలో ఉంది. దాని కింద సుమారు 66 వేల ఎకరాలు పోతాయి. అడవులు, పచ్చిక బయళ్లు, తరాలుగా సాగుచేసుకుంటున్న భూములు. అక్కడి రైతులు, కలప మీద బతికేవాళ్లు ఇరవై ఏళ్లకు పైగా వద్దంటూ పోరాడుతున్నారు. శ్రీశైలం ముంపులో ఊళ్లు వదిలిన కుటుంబాలు మన మధ్య ఇంకా ఉన్నాయి. ముంపు అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ ఊళ్లలో ఎండాకాలం వాడే నీళ్లలో పెద్ద వాటా ఇంటి ముందు గడ్డికే పోతుంది. గడ్డి పచ్చగా లేకపోతే కాలనీ సంఘాలు నోటీసులు పంపే చోట్లు ఉన్నాయి. ముందు ఆ వాడకం గట్టిగా తగ్గించకుండా ఇంకొకరి పొలాలు ముంచడం అన్యాయమని నేననుకుంటాను. ఫ్రిస్కో, ప్లేనో, మెకినీల్లో పౌరసత్వం వచ్చి ఓటు హక్కున్న తెలుగువాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. నగర మండలి సమావేశాల్లో మామూలు జనం లేచి మాట్లాడడానికి సమయం ఇస్తారు. గడ్డి నీళ్ల గురించి, తూర్పు టెక్సస్ రైతుల గురించి మనవాళ్లు అక్కడ అడగాలి.

నమస్కారం.