గుర్రం దిగితేనే ఫొటో

అందరికీ నమస్కారం. కేదారనాథ్‌కో వైష్ణోదేవికో గుర్రమెక్కి పోయొచ్చినవాళ్ళు ఒక్కసారి చేతులెత్తండి. అబ్బో, తిరుపతి కదా, సగం హాలు లేచింది! ఇప్పుడు ఫోన్లు తీసి ఆ ఫొటోలు చూడండి. ప్రతిదాంట్లో రెండు చెవులు, మధ్యలో కొంచెం జూలు, వెనక వంకరగా ఒక కొండ. నవ్వుతున్నారంటే ఉన్నట్టే. సిగ్గుపడాల్సిన పనేం లేదు. నా దగ్గర అట్లాంటివి నాలుగొందల దాకా ఉన్నాయి.

అవి తుంగనాథ్ దారిలో తీసినవి. పంచకేదారాలనే ఐదు శివాలయాల్లో ఒకటి, ఉత్తరాఖండ్‌లో ఉంది. గుడి ఉన్నది సముద్రమట్టానికి సుమారు 3,680 మీటర్ల ఎత్తున. మన తిరుమల 850 మీటర్ల చిల్లర, లెక్క మీరే వేసుకోండి. చోప్తా అనే చోట రోడ్డు ఆగిపోతుంది. అక్కణ్ణుంచి మూడున్నర కిలోమీటర్ల పైచిలుకు రాళ్ళు పరిచిన దారి. నడవొచ్చు, లేదంటే గుర్రం ఎక్కొచ్చు. మన కొండకు ఈ అలవాటు లేదు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు పడేదాకా నడవలేనివాళ్ళు డోలీ ఎక్కాల్సిందే. అలిపిరి మెట్లెక్కి పెరిగిన నాకు కొండమీద గుర్రం అనేసరికి చిన్నపిల్లాడి సంబరం వచ్చింది. మెడలో కెమెరా వేసుకుని ఎక్కేశా.

పది నిమిషాలు తిరక్కుండానే తెలిసొచ్చింది. గుర్రం మెట్టెక్కిన ప్రతిసారీ కెమెరా ఎగిరి జీను ముందు కొమ్ముకు టంగుమని తగిలేది. ఒకసారి దాని భుజానికే తగిలింది. అది ఉలిక్కిపడి పక్కకు జరిగింది. ఆ పక్కన లోయ. పగ్గం పట్టుకుని ముందు నడుస్తున్న కుర్రాడు గుర్రాన్ని నిలబెట్టి, నన్ను ఏమీ అనలేదుగానీ, తన మెడకున్న మఫ్లర్ తీసి కెమెరాను నా ఛాతీకి అడ్డంగా బిగించి కట్టాడు. నేను దుకాణంలో మూడువేలు పోసి కొన్న పట్టీ చేయని పని ఆ మఫ్లర్ చేసింది.

ఇప్పుడు సాంకేతికం కొంచెం. కెమెరాల్లో, ఫోన్లలో స్టెబిలైజేషన్ అని ఒకటుంటుంది కదా. అది మీ చేతి వణుకును సర్దుతుంది. జీను మీద మాత్రం వణికేది చెయ్యి కాదు, నడుం నుంచి తలదాకా మనిషే ఊగుతాడు. దాన్ని ఏ లెన్సూ పూర్తిగా ఆపలేదు. అందుకే మీదనుంచి తీస్తే షటర్ తెరిచి ఉండేది సెకనులో వెయ్యోవంతు, అంటే 1/1000, దాటకూడదు, ఐఎస్‌ఓ, అంటే వెలుతురుకు కెమెరా సున్నితత్వం, ఎంత పెరిగినా సరే. ఇంకా మంచిది, గుర్రాన్ని ఒక్క క్షణం ఆపమని అడగడం. లెన్సు మార్చడం లాంటి విన్యాసాలు దానిమీద కూర్చుని అసలు పెట్టుకోవద్దు.

మీదనుంచి తీయదగ్గ ఫొటో లేదని కాదు, ఒకటుంది. దారి పిన్నీసులా మెలిక తిరిగేచోట, మీ ముందు పోయే గుర్రాలు పై వరసలో, వెనక వచ్చేవి కింది వరసలో ఒకే చట్రంలో కనిపిస్తాయి. నేలమీద నిలబడ్డవాడికి ఆ ఎత్తు దొరకదు. ఆ ఫొటో తీసుకోండి, చెవుల ఫొటో కూడా ఒకటంటే ఒకటి తీసుకోండి. ఆ తరవాత దిగండి. నేను చెప్పాలనుకున్నది నిజానికి ఇంతే. సవారీ అంటే గుర్రం, మీదున్న మనిషి, పగ్గం పట్టినవాడు, కింద రాయి. మీరు జీనుమీద ఉన్నంతసేపూ ఈ నాలుగింట్లో మూడు మీకు కనపడవు.

1878లో అమెరికాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ వరసగా కెమెరాలు పెట్టి పరిగెత్తే గుర్రాన్ని తీశాడు. దౌడులో నాలుగు కాళ్ళూ ఒకేసారి గాల్లో ఉంటాయని తేలింది. అదీ చిత్రకారులు గీసినట్టు ముందుకూ వెనక్కీ చాపుకుని కాదు, పొట్ట కిందికి ముడుచుకుని. మన బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో రోజు రాత్రి అశ్వవాహనం చూడండి, ముందుకాళ్ళెత్తి దూకబోతూ ఉంటుంది. గుర్రమంటే మనసులో ఉండే బొమ్మ అదే. కొండదారిలో మాత్రం గుర్రం దూకదు, దౌడు తీయదు, నడుస్తుంది. నడకలో ఎప్పుడూ కనీసం రెండు గిట్టలు నేలమీదే ఉంటాయి. వేగాన్ని పట్టుకోవాలని చూస్తే అక్కడేమీ దొరకదు. చూడాల్సింది అది అడుగెక్కడ వేస్తుందన్నది. తడి రాయిని గిట్టతో ఒకసారి తట్టి, కాదనుకుని, పక్క రాయి మీద వేస్తుంది. లాడం అంచు రాతికి తగిలే ఆ క్షణానికి 1/250 చాలు, మీరు నేలమీద ఉన్నారు కాబట్టి.

నిలబడే చోటు ముఖ్యం. ఎప్పుడూ కొండ వైపే, లోయ వైపు వద్దు. బరువుతో వచ్చే గుర్రం ఒక అర అడుగు పక్కకు జరిగినా అవతలివాడికి చోటుండదు. గుర్రానికి కళ్ళు పక్కలకుంటాయి, దాదాపు చుట్టూ చూస్తుంది. సరిగ్గా తోక వెనక, నుదుటి ముందు మాత్రం దానికి కనపడదు. వెనకనుంచి పోతే తన్నేది పొగరుతో కాదు, భయంతో. ఫ్లాష్ ఆపేయండి. సెల్ఫీ కర్ర సంగతి నేను చెప్పక్కర్లేదు.

ఫోన్‌తో దగ్గరగా పోయి ముందునుంచి తీస్తే గుమ్మడికాయంత తల, మేకపిల్ల కాళ్ళు వస్తాయి. వైడ్ లెన్సు గుణం అది. పదడుగులు వెనక్కి వచ్చి రెండింతలో మూడింతలో జూమ్ పెట్టండి. కెమెరా అయితే 85 నుంచి 135 ఎంఎం మధ్య లెన్సుతో గుర్రం గుర్రంలా ఉంటుంది. చెవులు ముందుకు నిక్కినప్పుడే నొక్కండి. వెనక్కి అతుక్కుని ఉన్నాయంటే అది కోపంలో ఉందని, ఫొటోలో కూడా ఆ కోపం తెలుస్తుంది.

వెలుతురు దగ్గర అందరం దెబ్బతింటాం. నేను పోయింది మే నెలలో, దారి అంచుల్లో ఇంకా మంచు ఉంది. కెమెరా మీటరు ఏది చూసినా నడిమి బూడిదరంగు చెయ్యాలనే చూస్తుంది. మంచును చూపిస్తే సున్నం నీళ్ళలా మసకేస్తుంది, ఒక స్టాప్, అంటే వెలుతురు రెండింతలు, పెంచుకోవాలి. అదే మంచు ముందు ముదురు గోధుమరంగు గుర్రం నిలబడితే మొహం బొగ్గయిపోతుంది. అప్పుడు గుర్రం మొహానికే కొలిచి, ఆకాశం పోతే పోనీ అనుకోవాలి. వెనక 7,138 మీటర్ల చౌఖంబా ఉంది కదా అని నేను శిఖరాన్ని కాపాడుకుని గుర్రాన్ని పోగొట్టుకున్నా. చౌఖంబా ఎక్కడికీ పోదు.

ఇక ఆ రోజు నాకు దొరికిన అసలు ఫొటో సంగతి. సగం దారిలో టీ కొట్టు దగ్గర దిగాం. కుర్రాడు టీ తాగకుండా గుర్రం పక్కన మోకాలు వంచి, పొట్ట కింద పట్టీ మీద చెయ్యి వేసి ఊరికే ఉన్నాడు. ఏం చూస్తున్నావంటే చెప్పాడు. పొద్దున జీను బిగించేటప్పుడు ఇది ఊపిరి బిగబట్టి పొట్ట ఉబ్బిస్తుందట. కొంతదూరం పోయాక పొట్ట దిగి పట్టీ వదులవుతుంది. అప్పుడు మళ్ళీ బిగించకపోతే జీను జారుతుంది, మీదున్నవాడు లోయలోకి. గుర్రం ఊపిరి వదిలేదాకా అతను ఆగాడు. డొక్క లోపలికి పోయింది. పట్టీ ఒక రంధ్రం ముందుకు జరిగింది. రెండు మూడు సెకన్లు, అంతే. అతని చెంప దాని డొక్కకు ఆనుకుని ఉంది, కళ్ళు మూసుకున్నాడు.

నేను తీయలేదు. కెమెరా మఫ్లర్‌లో ఉంది!

తిరిగొచ్చేటప్పుడు గుర్రమెక్కలేదు. పైసలు పూర్తిగా ఇచ్చేసి, దాని వెంట నడిచా. తీయనా అని ముందే అడిగా. మళ్ళీ అదే టీ కొట్టు దగ్గర అతను జీను తీసి, చెమటపట్టిన వీపును గోనెసంచితో తుడిచాడు. ఒకచోట జీను ఒరుసుకుని వెంట్రుకలు ఊడి ఉన్నాయి. దాన్ని కత్తిరించి ఫొటో అందంగా చేసుకోవచ్చు. నేను చెయ్యలేదు, మీరూ చెయ్యకండి. దిగేటప్పుడు మొత్తం తీసినవి ముప్ఫై ఫొటోలు, నిలిచినవి పదకొండు.

మీకు ఇక్కడే సాధన కావాలంటే పొద్దున ఆరున్నరకు కపిలతీర్థం నుంచి అలిపిరి పోయే రోడ్డు పక్కన నిలబడండి. వెనక శేషాచలం, ముందు బైకులు. షటర్ 1/30 పెట్టి, బండితోపాటు కెమెరాను తిప్పుతూ తీయండి. మొదటి వంద చెత్త వస్తాయి. బైకుకు చేతనైతే గుర్రానికి ఇంకా సులువు, అది మెల్లగా పోతుంది కదా.

ఆ పదకొండు ఫొటోలూ కుర్రాడికి వాట్సాప్‌లో పంపించా. వీపు తుడిచే ఫొటో అతనికి బాగా నచ్చినట్టుంది. తన బొమ్మ కత్తిరించేసి, గుర్రాన్ని మాత్రం డీపీ పెట్టుకున్నాడు.

లైట్లు కొంచెం ఆపుతారా, అవి చూపిస్తాను.