గేమ్స్ పీరియడ్ పిల్లలకు తిరిగి ఇవ్వండి

(విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని ఒక అపార్టుమెంటులో బాలల దినోత్సవం నాడు రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదవడం మర్యాదే కానీ, ఆ టైము పిల్లల కోసం వాడుకుంటాను. ఏమీ అనుకోకండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2022 నాటికి 5 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో 39 కోట్ల మందికి పైగా అధిక బరువున్నారు. వాళ్లలో 16 కోట్ల మందిది ఊబకాయం. మన దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువున్నవాళ్లు 2015-16లో 2.1 శాతం ఉంటే, 2019-21కి 3.4 శాతమయ్యారు. "బొద్దుగా ఉన్నాడు, ఎదిగితే అదే తగ్గుతుంది" అంటుంటాం. చాలామందికి తగ్గదు.

నేను పనిచేసిన ఒక స్కూల్లో ఏడో తరగతి పిల్లాడుండేవాడు. మెడ చుట్టూ నల్లగా, మందంగా చార. స్నానం చెయ్యవా అని తోటివాళ్లు ఏడిపించేవాళ్లు. వాళ్లమ్మ సున్నిపిండితో, నిమ్మచెక్కతో రుద్ది రుద్ది మెడ కందిపోయేది. "అది మట్టి కాదమ్మా, డాక్టరుకు చూపించండి" అన్నాను. బరువు పెరిగి, రక్తంలో చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్ సరిగా పనిచేయకపోతే శరీరం దాన్ని ఇంకా ఎక్కువ తయారుచేస్తుంది. అప్పుడు మెడ మీద, చంకల్లో చర్మం అలా నల్లబడుతుంది. పరీక్షలు చేస్తే లివర్‌కి కొవ్వు పట్టిందని కూడా తేలింది. పన్నెండేళ్ల పిల్లాడికి! అమ్మలారా, ఇంటికెళ్లాక పిల్లల మెడ వెనక ఒకసారి చూడండి. నల్లగా ఉంటే దయచేసి రుద్దకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఆ దారిలోనే టైప్ 2 షుగర్, బీపీ వస్తాయి. రాత్రి గురక, నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడటం, మోకాళ్ల నొప్పులు. అన్నిటికంటే ముందు వచ్చేది అవమానం. "లడ్డూ", "గున్న ఏనుగు" అని పిల్లాణ్ణి ఇంట్లోవాళ్లే పిలుస్తారు. ఆ మాటతో ఒక్క కిలో కూడా తగ్గదు. వాడు ఆటలకు రావడం మానేస్తాడు, అంతే.

కారణాలంటారా? వంశంలో ఉండొచ్చు. నిద్ర చాలకపోవడం ఒకటి. ఫోను చూస్తూ ఎంత తింటున్నాడో తెలియకుండా తినడం ఒకటి. పావు లీటరు కూల్‌డ్రింకులో ఇంచుమించు ఆరు చెంచాల చక్కెర ఉంటుంది. ఎప్పుడో బీచ్‌కి వెళ్లినప్పుడు బజ్జీలు, మురీ మిక్చర్ తింటే కొంప మునగదు. రోజూ చిప్స్ ప్యాకెట్టు, బిస్కెట్లు పెడితేనే తంటా.

తిండి గురించి ఇంకా రాసుకొచ్చాను కానీ, అది ఇక చదవను. నా కడుపుమంట వేరే ఉంది. గేమ్స్ పీరియడ్ ఏమైంది? టైంటేబుల్లో ఉంటుంది. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి దాన్ని లెక్కలకో సైన్స్‌కో ఇచ్చేస్తారు. నా కళ్ల ముందే ఒక స్కూలు గ్రౌండు బస్సుల పార్కింగ్ అయిపోయింది. బంతి పట్టుకుని నిలబడిన పిల్లలకు ఏం చెప్పాలో నాకు తోచలేదు. 2009 విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలంటుంది. పిల్లలకు రోజుకు కనీసం 60 నిమిషాల ఆట, పరుగు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన పిల్లలకు వారానికైనా అంత దొరుకుతోందా?

పొద్దున్నే ఆర్కే బీచ్‌లో చూడండి. చకచకా నడిచేది నా వయసువాళ్లే. షుగర్ వచ్చాక నడుస్తున్నాం. ఇంత సముద్రం పక్కన పెట్టుకుని పిల్లల్ని ట్యూషన్‌కి తోలేస్తున్నాం.

తల్లిదండ్రులారా, ఈసారి పేరెంట్స్ మీటింగులో మార్కులు అడిగే ముందు ఒకటడగండి: "మా పిల్లలకు గేమ్స్ పీరియడ్ ఏ రోజు? ఆ రోజు నిజంగా ఆడించారా?" ఒక్కరు అడిగితే పట్టించుకోరు. పది మంది కలిసి అడగండి.

అసోసియేషన్ అధ్యక్షులవారూ, మీకూ ఒక విన్నపం. గేటు లోపల "ఇక్కడ బంతి ఆటలు ఆడరాదు" అని బోర్డు చూశాను. కారు అద్దాలు పగులుతాయని మీ భయం, అర్థమైంది. సాయంత్రం ఐదు నుంచి ఆరు వరకు ఆ కార్లు పక్కకు పెట్టించండి, బోర్డు తీయించండి. పిల్లలు ముందు వరసలోనే కూర్చున్నారు. ఆ మాటేదో మైకులో మీరే వాళ్లకు చెప్పండి. ఇదిగోండి మైకు.