చేయి చేసుకున్న హీరోని వెనకేసుకురావచ్చా?

[తెర చీకటి. మగ్గాల మోత ఒక్కటే వినిపించాలి. ఏడెనిమిది సెకన్లు అలాగే వదిలెయ్యాలి.]

ఈ మోత మధ్య ఒక తలుపు తెరుచుకుంటుంది. లోపల మంచు కురుస్తున్నట్టు ఉంటుంది. మంచు కాదు, దూది నూగు. వరసగా మగ్గాలు, వాటి మధ్య తలెత్తకుండా పనిచేసే మనుషులు. పైన నల్లకోటు వేసుకున్న ఒకాయన నిలబడి కింద అందర్నీ గమనిస్తుంటాడు. అంతలో ఒక మూల పొగ కనిపిస్తుంది. "స్టీఫెన్స్!" అని ఒక్క అరుపు. వెంటపడి పట్టుకుంటాడు, కొడతాడు. కింద పడ్డాక కూడా వదలడు.

ఈ కొట్టినవాడే మన హీరో.

2004లో బీబీసీలో నాలుగు ఎపిసోడ్లుగా వచ్చిన 'నార్త్ అండ్ సౌత్' సిరీస్ ఇది. ఆయన పేరు జాన్ థార్న్‌టన్, వేసింది రిచర్డ్ ఆర్మిటేజ్. మా అక్కకి ఎంతో ఇష్టంగా చూడమని పెడితే, సరిగ్గా ఈ సీన్ దగ్గర ల్యాప్‌టాప్ మూసేసింది. "వీణ్ని ప్రేమించాలా నేను?" అంది. నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఈ వీడియో ఆ జవాబే అనుకోండి, కాస్త ఆలస్యంగా. కథ మొత్తం చెప్పేస్తాను. చూడనివాళ్లు చూసొచ్చి వినండి.

[తెర మీద: పాత పత్రిక పేజీ, పొగగొట్టాల ఊరి బొమ్మ]

ముందు కొంచెం నేపథ్యం. మూలం ఎలిజబెత్ గాస్కెల్ నవల. 1854 సెప్టెంబర్ నుంచి 1855 జనవరి దాకా డికెన్స్ నడిపిన వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. కథ జరిగే మిల్టన్ కల్పిత పట్టణమే కానీ, అది మాంచెస్టరేనని చదివిన ఎవరికైనా తెలిసిపోతుంది. గాస్కెల్ కాపురం ఉన్నది ఆ ఊళ్లోనే. దక్షిణాన పచ్చటి పల్లెలో పెరిగిన మార్గరెట్ హేల్, తండ్రి చర్చి ఉద్యోగం వదులుకోవడంతో ఈ పొగ ఊరికి వస్తుంది. తలుపు తీసి ఆ దెబ్బలు చూసింది ఆమే.

ఇప్పుడు అసలు విషయం. నవలలో ఈ దెబ్బల సీనే లేదు! అక్కడ వాళ్లిద్దరూ మొదటిసారి కలిసేది హోటల్ గదిలో, చాలా మర్యాదగా. అంటే టీవీవాళ్లు కావాలనే మన చేతిలో ఒక నేరం పెట్టి, ఇప్పుడు ఇతన్ని ఇష్టపడండి చూద్దాం అన్నారు. ధైర్యమే అది. చాలా పీరియడ్ డ్రామాల్లో హీరో తప్పు అంటే కాస్త పొగరు, డాన్స్‌కి రానని అనడం లాంటివి. అలాంటివాణ్ని క్షమించడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు.

థార్న్‌టన్ అభిమానులు సాధారణంగా చెప్పే సమర్థన నిప్పు గురించి. అందులో నిజం లేకపోలేదు. గాల్లో దూది నూగు, కాళ్ల కింద యంత్రాల నూనె పీల్చుకున్న చెక్క నేల. పొగతాగే పైపులోంచి ఒక్క నిప్పురవ్వ చాలు, మిల్లు లేచిపోతుంది. ఇంగ్లండ్‌లో ఈ భయం ఎంతంటే, 1797లోనే ష్రూస్‌బరీ దగ్గర ఒక నార మిల్లుని చెక్క దూలాలు లేకుండా ఇనుప స్తంభాలతో కట్టారు. అందం కోసం కాదు, అంటుకోకుండా ఉండటానికి. అలాంటి చోట పనివాడు పొగ తాగడం చిన్న తప్పేం కాదు. ఆ సీన్లో స్టీఫెన్స్ తన పిల్లలు పస్తులుంటారని బతిమాలతాడు. కాలి చావడం కంటే పస్తులే నయం అంటాడు థార్న్‌టన్.

ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. లెక్క ప్రకారం తప్పు లేదు. ఒకడి కూడు ఒకవైపు, వందల ప్రాణాలు ఇంకోవైపు. కానీ పనిలోంచి తీసేస్తే సరిపోయేది. నేలమీద పడి ఉన్నవాణ్ని కొట్టడానికి నిప్పుతో పనేముంది? అందుకే ఈ వాదన నేను ఎత్తుకోను. ఆయన కోపానికి కారణం ఉంది, ఆ చేతికి లేదు. ఆయన్ని వెనకేసుకురావాలంటే ఈ దెబ్బల్ని పక్కన పెట్టకుండానే రావాలి.

[విరామం. తెర మీద ఒకే ఒక్క చెయ్యి, టీ కప్పు అందుకుంటూ.]

రెండోసారి చూసినప్పుడు నేను చేతుల్నే చూశాను. అప్పుడే ఈ కథ నాకు అర్థమైంది.

ఆ రోజుల్లో మిల్లు యజమానులు పనివాళ్లని 'హ్యాండ్స్' అనేవాళ్లు. చేతులు. నా మిల్లులో ఇన్ని చేతులు, ఫలానావాడి మిల్లులో అన్ని చేతులు. మనం 'చేతికింద మనుషులు' అంటాం. అందులో కనీసం మనుషులు అనే మాట మిగిలింది. థార్న్‌టన్ అసలు లోపం కోపం కాదని నా అభిప్రాయం. ఆయనకి చేతులు కనిపిస్తాయి, వాటి వెనక మనిషి కనపడడు.

అలాగని జాలి లేనివాడా అంటే, కాదు. ఆయన బాల్యం చూడండి. తండ్రి జూదం లాంటి వ్యాపారంలో అంతా పోగొట్టుకుని ప్రాణం తీసుకున్నాడు. కొడుకు బడి మానేసి బట్టల కొట్లో చేరాడు. జీతం వారానికి 15 షిల్లింగులు. అందులోంచి తల్లి క్రమం తప్పకుండా 3 షిల్లింగులు పక్కన పెట్టించేది. తర్వాత తండ్రి అప్పులు కూడా తీర్చాడు. ఇలా పైకొచ్చినవాళ్లకి ఒక జబ్బు ఉంటుంది: నేను చెయ్యగలిగాను, వాడికేం రోగం అనుకోవడం. మనకి తెలిసినవాళ్లలోనూ ఇలాంటి ఒకాయన ఉంటాడు, కాదంటారా?

బెస్సీ హిగ్గిన్స్ సంగతి దీనికి ముడిపడే ఉంది. పందొమ్మిదేళ్ల పిల్ల. దూదిని ఏకే గదిలో పనిచేసి ఊపిరితిత్తులు పోగొట్టుకుంది. తర్వాతి రోజుల్లో డాక్టర్లు ఈ జబ్బుకి బిస్సినోసిస్ అని పేరు పెట్టారు. దీనికో వింత లక్షణం ఉంది. సెలవు తర్వాత మళ్లీ పనిలోకి వెళ్లిన మొదటి రోజున ఛాతీ ఎక్కువగా పట్టేస్తుంది. నూగుని బయటికి లాగే పెద్ద చక్రం పెట్టొచ్చు కానీ దానికి ఐదారు వందల పౌన్లు అవుతుందని, లాభం ఏమీ రాదని, అందుకే పెట్టించే యజమానులు తక్కువని బెస్సీ నవలలో చెబుతుంది. ఇంకో మాట కూడా అంటుంది. చక్రం ఉన్న చోట పనిచెయ్యడం కొందరు పనివాళ్లకే ఇష్టం లేదట. ఇన్నాళ్లూ నూగు మింగడం అలవాటై, అది లేకపోతే ఆకలేస్తోందట. మొత్తం నవలలో నాకు అన్నిటికంటే భయం వేసిన వాక్యం ఇదే. దీని పక్కన పెడితే స్టీఫెన్స్ తిన్న దెబ్బలు చిన్నవిగా కనిపిస్తాయి.

[తెర మీద: మిల్లు గేటు, గుంపు]

సమ్మె వస్తుంది. ఇది గాస్కెల్ ఊహించి రాసింది కాదు. 1853-54లో ప్రెస్టన్‌లో పది శాతం కూలి పెంచమని అడిగితే యజమానులు మిల్లులకి తాళాలు వేశారు. ఐర్లండ్ నుంచి కూడా మనుషుల్ని దింపారు. చివరికి పనివాళ్లే ఓడిపోయారు. ఇక్కడ థార్న్‌టన్ కూడా ఐరిష్ వాళ్లని దింపుతాడు, గేటు ముందు గుంపు చేరుతుంది. వాళ్లని మనుషుల్లా చూసి మాట్లాడు, కిందికి వెళ్లు అని మార్గరెట్ పోరుతుంది. వెళతాడు. గుంపులోంచి వచ్చిన రాయి అడ్డు వచ్చిన ఆమెకి తగులుతుంది. మర్నాడే పెళ్లి చేసుకుందామని అడుగుతాడు, ఆమె కాదంటుంది.

మీరు గమనించాల్సింది దీని తర్వాత జరిగేది. కాదనిపించుకున్న మగవాడు ఏం చేస్తాడు? నవలలో ఆయన ఎటు పోతుందో కూడా చూసుకోకుండా ఒక బస్సెక్కి, గుర్రాలు లాగే బస్సు లెండి, ఊరి బయట పొలాల దాకా పోయి, నడిచి నడిచి తిరిగి వస్తాడు. ఆ తర్వాత మంచంపట్టిన మార్గరెట్ తల్లి కోసం మంచి పళ్లు ఏరి కొని, ఆ బుట్ట నౌకరు చేత పంపకుండా తనే మోసుకుని వీధుల్లో నడిచి వెళతాడు. ఆమె మనసు మార్చడానికి కాదు. ఆమె మాట కఠినంగా ఉందని ఆమె తల్లికి పళ్లు ఆపుతానా అన్నట్టు. పంతమే, కానీ మంచి వైపుకి తిరిగిన పంతం.

ఒక్కటి మాత్రం నేను వెనకేసుకురాలేను. మార్గరెట్ రాత్రిపూట స్టేషన్లో ఒకతనితో కనిపిస్తుంది. అతను నౌకాదళం నుంచి పారిపోయిన ఆమె అన్న, థార్న్‌టన్‌కి ఆ సంగతి తెలియదు. అక్కడ జరిగిన తోపులాట తర్వాత ఒకడు చనిపోతాడు. తను స్టేషన్లో లేనని ఆమె పోలీసుకి అబద్ధం చెబుతుంది. థార్న్‌టన్ మెజిస్ట్రేట్ కూడా, విచారణ లేకుండా ఆపేస్తాడు. వైద్యుడి మాట ప్రకారం ఆ చావుకి వేరే జబ్బు కారణం కాబట్టి ఆపడానికి సాకు ఉంది. కానీ ఆ కుర్చీలో కూర్చున్నది ప్రేమించినవాడు. అభిమానులు దీన్ని త్యాగం కింద రాసుకుంటారు. స్టీఫెన్స్ కోసం ఎవరూ ఇలా నియమం వంచలేదే అని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

ఇక హిగ్గిన్స్. బెస్సీ తండ్రి, యూనియన్ నాయకుడు. సమ్మె విఫలమయ్యాక చనిపోయిన ఒక సహచరుడి పిల్లల్ని సాకడానికి థార్న్‌టన్ దగ్గరికే పని అడగడానికి వస్తాడు. థార్న్‌టన్ ఛీకొట్టి పంపేస్తాడు. ఆ మనిషి తన కోసం ఐదు గంటలు కాచుకుని ఉన్నాడని తర్వాత తెలుస్తుంది. అక్కడ ఆయన లెక్క తప్పుతుంది. ఐదు గంటలంటే ఏమిటో బట్టల కొట్లో నిలబడి పనిచేసినవాడికి తెలుసు. వాకబు చేస్తాడు, పిల్లల సంగతి నిజమేనని తేలుతుంది. హిగ్గిన్స్ ఇంటికి తనే వెళ్లి, నీ మాట నమ్మలేదు, తప్పు నాదే, పనిలోకి రా అంటాడు. వస్తాను, థ్యాంక్స్ కూడా చెబుతున్నాను, నా నోట ఆ మాట రావడం చాలా పెద్ద సంగతి అంటాడు హిగ్గిన్స్. ఇది నా తరఫున పెద్ద సంగతి అని హిగ్గిన్స్ చెయ్యి గట్టిగా పట్టుకుంటాడు థార్న్‌టన్.

[ఇక్కడ సంగీతం వద్దు.]

అదే చెయ్యి. మొదటి ఎపిసోడ్లో లేచిన చెయ్యి. మార్గరెట్ ఇంట్లో సెలవు తీసుకుంటూ చాచితే, ఇక్కడి అలవాటు తెలియక ఆమె అందుకోని చెయ్యి. ఇప్పుడు అది ఒక 'హ్యాండ్'ని పట్టుకుంది. ప్రేమ దీనికి బహుమానం కాదు, గమనించారా? మార్గరెట్ అప్పటికి ఆయన్ని కాదంది, ఇంకొకర్ని ప్రేమిస్తోందని ఆయన నమ్ముతున్నాడు కూడా. ఎవరూ చూడటం లేదు, ఎవరూ మెచ్చుకోరు. మా అక్కకి నేను చెప్పాలనుకున్నది ఈ సీనే.

తర్వాత పనివాళ్లకి భోజనశాల ఏర్పాటు చేస్తాడు, సరుకులు టోకున కొని. ఒకరోజు వాళ్లే తమతో కూర్చుని తినమని పిలుస్తారు. వెళ్లకపోతే నొచ్చుకుంటారని వెళ్లి, జీవితంలో అంతకంటే మంచి భోజనం చెయ్యలేదంటాడు.

డబ్బు కష్టాలు ముంచుకొస్తాయి. ఒక స్పెక్యులేషన్‌లో, అంటే జూదం లాంటి వ్యాపారంలో, డబ్బు పెడితే గట్టెక్కొచ్చు. పెట్టడు. పోతే అప్పిచ్చినవాళ్ల సొమ్ము పోతుంది, తండ్రి చేసింది అదే కదా. మిల్లు మూతపడుతుంది. చివర్లో వారసత్వంగా డబ్బొచ్చిన మార్గరెట్, బ్యాంకులో రెండున్నర శాతానికి పడి ఉన్న తన 18,057 పౌన్లు తీసుకుని మిల్లు నడపమని వ్యాపారంలా మొదలుపెడుతుంది. పెళ్లి మాట ఆ లెక్కల మధ్యలోంచే వస్తుంది. సిరీస్‌లో స్టేషన్ బెంచీ మీద ఆయన చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకునేది ఆమె. అందరూ గుర్తుపెట్టుకునేది ఆ తర్వాతి ముద్దు, నేను గుర్తుపెట్టుకున్నది ఇది.

కానీ అంతకంటే ముందు, నవలలో ఒక కాగితం ఉంది. మిల్లు పోయాక కొందరు పనివాళ్లు సంతకాలు చేసి పంపినది. రాత హిగ్గిన్స్‌దే అయి ఉంటుందని ఆయన అనుమానం. మళ్లీ ఎప్పుడైనా మనుషుల్ని పెట్టుకునే స్థితికి వస్తే మీ దగ్గరే పనిచేస్తామని అందులో ఉంటుంది. అలాంటి కాగితాన్ని 'రౌండ్ రాబిన్' అంటారు. ముందు సంతకం ఎవరిదో తెలియకుండా పేర్లు గుండ్రంగా రాసే పద్ధతి నుంచి వచ్చిన మాట అది.

[తెర మీద: ఖాళీ కాగితం. గుండ్రంగా ఒక్కో పేరు పడుతుంది, హిగ్గిన్స్ దగ్గర మొదలై. చివర ఒక పేరుకి చోటు ఖాళీగా ఉండాలి.]

ఆ ఖాళీ స్టీఫెన్స్‌ది. దాన్ని నింపమని నేను అడగను.