టెకీలా: పొలం నుంచి సీసా దాకా, మధ్యలో పొయ్యి దగ్గర కాస్త ఎక్కువసేపు

అందరికీ నమస్కారం. మా హోటల్ మేనేజ్‌మెంట్ పిల్లలకి టెకీలా గురించి చెప్పండి సార్ అని పిలిచినప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న, రుచి చూపించడానికి ఏమైనా తెప్పించారా అని. కాలేజీలో ఎలా కుదురుతుంది సార్ అన్నారు. సరే, ఇవాళ అంతా నోటిమాటే, గొంతు తడుపుకోవడానికి మంచినీళ్ళు ఇచ్చారు, అదే పదివేలు.

మనవాళ్ళలో చాలామందికి టెకీలా అనే ఈ మెక్సికో మందు అంటే చేతి మీద ఉప్పు, నిమ్మచెక్క, ఒక్క గుటకలో లాగించేయడం, పొద్దున్నే తలనొప్పి. ఇంకో బ్యాచ్ ఉంది, విస్కీ పాఠం చదువుకుని వచ్చి నేరుగా పీపాల దగ్గరికే పరిగెడతారు, ఎన్నేళ్ళు నిలవుంచారు, ఏ చెక్క, అంటూ. నేను చెప్పేది ఏంటంటే దీని రుచి పీపాలో పుట్టదు, పొలంలో పుట్టి పొయ్యిలో తేలుతుంది. ఇక్కడ చూడాల్సిన వయసు మొక్క వయసు. అందుకే పొలం దగ్గర, పొయ్యి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, మిగతావి గబగబా లాగించేస్తాను, ఏమీ అనుకోకండి.

మొక్క పేరు బ్లూ అగావే, ఆకులు నీలం బూడిద కలిసినట్టుంటాయి, కొసన సూది, అంచుల వెంట ముళ్ళు. కలబంద మాత్రం కాదు, పరీక్షలో అలా రాసేరు. మన రాయలసీమలో పొలం గట్ల మీద కంచెలా పెరుగుతుంది చూశారా కిత్తనార, అది దీనికి సొంత చుట్టం. అన్నట్టు మన చిత్తూరు జిల్లాలోనే ఆ అడవి కిత్తనార గడ్డల నుంచి మందు కాచి 2011 నుంచి డెస్మండ్‌జీ అనే పేరుతో అమ్ముతున్నారు, కానీ దాన్ని టెకీలా అనడానికి లేదు. మెక్సికో 1974లో ఈ పేరుకి హద్దు గీసేసింది. హలిస్కో రాష్ట్రం మొత్తం, ఇంకా గ్వానహ్వాతో, మిచోవకాన్, నయారీత్, తమావ్లీపస్ రాష్ట్రాల్లో కొన్ని మున్సిపాలిటీలు, అంతే. అక్కడ పండిన బ్లూ అగావేతో అక్కడే కాస్తేనే టెకీలా.

గ్వాదలహారా సిటీ నుంచి వాయువ్యంగా బయల్దేరితే టెకీలా అనే ఊరే వస్తుంది, వెనకాల ఒక చల్లారిన అగ్నిపర్వతం, దాని చుట్టూ వరసలు వరసలుగా నీలం పొలాలు. 2006లో యునెస్కో ఆ పొలాల్నీ మందు కాచే పాత బట్టీల్నీ కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది. రెండో ముఖ్యమైన ప్రాంతం లోస్ ఆల్తోస్, సముద్రమట్టానికి 2000 మీటర్ల ఎత్తులో ఎర్రనేల. ఎత్తు మీద పండింది తియ్యగా, పూలవాసనతో ఉంటుందని, టెకీలా ఊరి చుట్టూ లోయలో పండింది మట్టివాసన, పచ్చివాసన అని సేల్స్ వాళ్ళు చెప్తారు. కొంత నిజమే గానీ ఎవరు ఎలా ఉడికించారు అన్నదాని ముందు ఆ తేడా చిన్నది అని నా అభిప్రాయం.

విత్తనం వెయ్యరు. పెద్ద మొక్క మొదట్లో పిలకలు వస్తాయి, వాటిని వేరుచేసి వానాకాలం ముందు నాటుతారు. తర్వాత ఎదురుచూడటమే, మామూలుగా ఆరు నుంచి ఎనిమిదేళ్ళు. ఈ మొక్క జీవితంలో ఒక్కసారే పూస్తుంది, పూసి చచ్చిపోతుంది, ఆ ఒక్క పూత కోసమే ఏళ్ళ తరబడి మధ్య గడ్డలో చక్కెర దాచుకుంటుంది. కియోతె అని ఒక నిలువెత్తు పూకాడ లేస్తుంది. లేవగానే రైతు దాన్ని నరికేస్తాడు, పువ్వుకి పోవాల్సిన చక్కెర గడ్డలోనే ఉండిపోతుంది. తెలివైన పనే, కానీ దీనికి ఒక ధర ఉంది. అగావే పూలకి పరాగ సంపర్కం చేసేవి గబ్బిలాలు. పువ్వే లేకపోతే వాటికి తిండి లేదు, మొక్కకి కొత్త విత్తనం లేదు, పిలక నుంచి పిలక నుంచి పిలక, అన్నీ ఒకే మొక్కకి నకళ్ళు అయిపోయాయి. ఒక తెగులు వచ్చిందంటే అన్నిటికీ అదే గతి, 1990ల చివర్లో అలాగే తెగుళ్ళు పట్టి తోటలకి తోటలు కుళ్ళిపోయాయి. మెక్సికోలో రోడ్రిగో మెదెయీన్ అనే గబ్బిలాల శాస్త్రవేత్త ఉన్నాడు, తోటలో కనీసం 5 శాతం మొక్కల్ని పూయనివ్వండి బాబూ అని రైతుల్నీ కంపెనీల్నీ ఒప్పించే పనిలో ఉన్నాడు, కొందరు విన్నారు.

ఈ ఆరేడేళ్ళ నిరీక్షణలోనే రైతు కష్టమంతా ఉంది. రేటు బాగుందని ఈ ఏడాది అందరూ నాటేస్తే ఆ పంటంతా ఒక్కసారే చేతికొస్తుంది, అప్పటికి మార్కెట్ ఏ మూడ్‌లో ఉంటుందో ఎవడికి తెలుసు. కిలో 30 పెసోల దాకా ఎగబాకిన గడ్డ 2024కి వచ్చేసరికి 5 పెసోల లోపుకి పడిపోయింది. రేటు ఎక్కువున్నప్పుడు కంపెనీలు ఏం చేస్తాయి, పండని మూడు నాలుగేళ్ళ గడ్డని కూడా కొనేస్తాయి, తక్కువ గడ్డలోంచి ఎక్కువ చక్కెర పిండే మెషీన్లు పెడతాయి. ఆ మెషీన్ సంగతికి వస్తాను, ముందు కోత చూద్దాం.

కోసేవాణ్ణి హిమదోర్ అంటారు. చేతిలో కోవా, అంటే పొడుగు కర్రకి గుండ్రటి పదునైన ఇనుప బిళ్ళ. పొద్దున్నే ఎండ ముదరకముందు మొదలుపెడతారు. ముందు మొక్కని అడుగున దెబ్బకొట్టి పడగొడతాడు, తర్వాత కాలితో గడ్డని దొర్లించుకుంటూ ఆకుల్ని ఒక్కో వేటుకి మొదలంటా చెక్కేస్తాడు, ఆ బిళ్ళ పాదానికి బెత్తెడు దూరంలో పడుతుంటుంది, చూసేవాడికి గుండె జారుతుంది, వాడు మాత్రం కబుర్లు చెప్తూనే ఉంటాడు. ఆకుల రసం ఒంటికి తగిలితే దురద, దద్దుర్లు. చివరికి మిగిలేది పీన్యా, పొలుసులు పొలుసులుగా తెల్లటి గడ్డ, 30, 40 కిలోలు మామూలు, ఇంకా పెద్దవీ ఉంటాయి. బాగా పండిన దాని మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి. ఇక్కడో కిటుకు ఉంది, ఆకుల పచ్చ మొదలు ఎంత ఎక్కువ వదిలేస్తే బరువు అంత ఎక్కువ తూగుతుంది, కానీ మందులో చేదు పెరుగుతుంది. శుభ్రంగా చెక్కమని చెప్పే బట్టీ ఆ బరువు నష్టానికి ఒప్పుకున్నట్టే. ఒక లీటరు టెకీలాకి సుమారుగా 7 కిలోల గడ్డ పడుతుంది.

ఇప్పుడు పొయ్యి. గడ్డలో ఉన్న చక్కెర మనకి తెలిసిన చక్కెర కాదు, ఫ్రుక్టాన్లు అని పొడవాటి గొలుసులు, చక్కెరని తిని ఆల్కహాల్ చేసే యీస్ట్‌కి అవి మింగుడుపడవు. వేడి, ఆవిరి తగిలితే ఆ గొలుసులు తెగి యీస్ట్ తినగలిగే ఫ్రుక్టోజ్ అవుతుంది. పాత పద్ధతిలో ఓర్నో అని గదంత ఇటుక పొయ్యి, గడ్డల్ని రెండు నాలుగు ముక్కలుగా నరికి చేత్తోనే లోపల పేరుస్తారు, తలుపు మూసి ఆవిరి వదులుతారు. మొదట కారే నీళ్ళు చేదుగా మైనంలా ఉంటాయి, వాటిని పారబోస్తారు. తర్వాత ఒకటిన్నర రెండు రోజులు నెమ్మదిగా ఉడకాలి, మళ్ళీ అంతసేపు తలుపు తియ్యకుండా చల్లారాలి. తీసేసరికి తెల్ల గడ్డ కాస్తా గోధుమ రంగుకి తిరిగి జిగటగా తేనె కారుతుంటుంది, కుంపట్లో కాల్చిన చిలగడదుంపకి బెల్లం పాకం పూస్తే ఎలా ఉంటుందో అలా, పైగా పీచు, నమిలి ఊసేయాలి. నాణ్యమైన టెకీలా వాసన చూస్తే ముక్కుకి ముందుగా తగలాల్సింది ఈ ఉడికిన గడ్డ వాసనే, ఇది గుర్తుపెట్టుకోండి. ఇంతకుముందు కాలంలో అందరూ నేలలో గొయ్యి తవ్వి కట్టెలతో కాల్చేవాళ్ళు, మెస్కాల్ అనే ఇంకో అగావే మందులో ఇప్పటికీ చాలాచోట్ల అంతే, ఆ పొగవాసన అక్కడిదే.

షార్ట్‌కట్లలో మొదటిది ఆటోక్లేవ్, స్టీల్ ట్యాంకులో ప్రెషర్ పెట్టి 8, 10 గంటల్లో ఉడికించేస్తారు, తొందరపడకుండా నడిపితే అందులోనూ మంచి సరుకే వస్తుంది, దాన్ని నేను తిట్టను. రెండోది ఇందాక చెప్పిన మెషీన్, డిఫ్యూజర్. పచ్చి గడ్డనే తురిమేసి వేడినీళ్ళతో కడిగి ఫ్రుక్టాన్లు లాగేసి ఆ నీళ్ళని తర్వాత ఉడికిస్తారు, చాలాచోట్ల యాసిడ్ కూడా కలుపుతారు. చక్కెర దాదాపు చుక్క మిగలకుండా వచ్చేస్తుంది, అకౌంటెంట్‌కి పండగ, కానీ గడ్డ ఉడకనే లేదు కదా, ఆ వాసన ఎక్కణ్ణుంచి వస్తుంది.

ఉడికాక పిండాలి. పాతది తహోనా, అంటే రాతి గానుగ, రెండు టన్నుల దాకా ఉండే అగ్నిపర్వతపు రాయిని గుండ్రటి గుంటలో తిప్పుతారు. సియెతే లెగ్వాస్ అనే కంపెనీలో కొంత సరుక్కి ఇప్పటికీ కంచరగాడిదలే లాగుతాయి, మిగతాచోట్ల మోటారో ట్రాక్టరో. ఎక్కువమంది వాడేది రోలర్ మిల్లు. రసాన్ని పెద్ద తొట్లలోకి, చెక్కవో స్టీలువో, పంపి ఊట వేస్తారు, యీస్ట్ పని మూడు రోజుల నుంచి వారం పైన కూడా పడుతుంది, చలికాలం ఇంకా లేటు. తహోనా వాళ్ళు కొందరు పీచుతో సహా ఊరబెడతారు, రుచి చిక్కగా వస్తుంది. కసాదోరెస్ అనే బ్రాండు వాళ్ళయితే ఊట తొట్లకి శాస్త్రీయ సంగీతం వినిపిస్తారు. యీస్ట్‌కి తాళజ్ఞానం ఉందో లేదో గానీ పనిచేసేవాళ్ళకి మాత్రం హాయి.

బట్టీ రెండుసార్లు ఎక్కిస్తారు. మొదటిసారి వచ్చేది 20, 25 శాతం ఆల్కహాల్, మసకగా ఉంటుంది. రెండోసారి 55 దాకా పోతుంది. ముందు కారేది ముక్కు మండే ఘాటు, చివర కారేది తడిగుడ్డ వాసన, రెండూ తీసేసి నడిమిది పట్టాలి, ఎక్కడ కోయాలన్నది ముక్కూ నాలుకా చెప్తాయి. కక్కుర్తి పడి చివరిదాకా పట్టినవాడి సరుకు తెలిసిపోతుంది. తర్వాత నీళ్ళు కలిపి 40 చుట్టుపక్కలకి దించుతారు. బట్టీలో మిగిలిపోయే పుల్లటి నల్లనీళ్ళు లీటరు టెకీలాకి పది లీటర్లకి పైనే ఉంటాయి, వాటిని శుద్ధి చెయ్యకుండా వాగుల్లోకి వదిలేయడం హలిస్కోలో పెద్ద గొడవే, బ్రోషర్లలో మాత్రం కనిపించదు.

పీపాల సంగతి త్వరగా. మామూలుగా ఏ పీపా తగలనిది బ్లాంకో. ఓక్ చెక్కలో కనీసం రెండు నెలలుంటే రెపొసాదో, ఏడాది ఉంటే అన్యెహో, మూడేళ్ళుంటే ఎక్స్‌ట్రా అన్యెహో, ఈ చివరి తరగతి 2006లో వచ్చింది. ఎక్కువగా బూర్బన్ అనే అమెరికా విస్కీకి వాడేసిన పీపాలే.

ఇక సీసా చేతికొచ్చాక మీరు చూడాల్సింది, ముందు 100 శాతం అగావే అని ఉందా లేదా. అలా లేకపోతే చక్కెరలో కనీసం 51 శాతం అగావేది ఉంటే చాలు, మిగతాది చెరుకుదో ఇంకోటో, చట్టం ఒప్పుకుంటుంది. తర్వాత నోమ్ అని ఒక నాలుగంకెల నంబరు, అది ఏ బట్టీలో కాచారో చెప్తుంది. ఒకే నంబరు మీద నాలుగైదు బ్రాండ్లు, సీసా ఒక్కోటి ఒక్కో అందం, రేట్లలో మూడింతల తేడా, అలాంటివి బోలెడు, వెతికి చూడండి సరదాగా ఉంటుంది. ఇంకోటి, రెపొసాదో, అన్యెహో లాంటి వాటిలో బరువులో 1 శాతం దాకా కారమెల్ రంగు, ఓక్ సారం, గ్లిజరిన్, చక్కెర పాకం కలపొచ్చు, లేబుల్ మీద చెప్పక్కర్లేదు. అందుకే ఒక బట్టీ పనితనం తెలుసుకోవాలంటే ఖరీదైన అన్యెహో జోలికి పోకుండా వాళ్ళ బ్లాంకోనే ముందు గ్లాసులో పోసుకోమంటాను, ఐసు వద్దు, ఉప్పు వద్దు. ఉడికిన గడ్డ వాసన తగిలిందా, ఆ బట్టీవాడు పొయ్యి దగ్గర తొందరపడలేదు. పీపా చెక్క నుంచి రావాల్సిన వెనిలా ఐస్‌క్రీమ్ వాసన వస్తోందా, బ్లాంకోలో అదెలా వచ్చిందో అమ్మినవాణ్ణి అడగండి.

ప్రశ్నలుంటే చేతులెత్తండి. వెనకాల బెంచీ తమ్ముడూ, పురుగు గురించే కదా, టెకీలా సీసాలో పురుగు ఉండదు, అది కొన్ని మెస్కాల్ సీసాల్లో వేస్తారు, ఇంకోటి అడుగు.